షబానా గోళ్ళకు నేను పెట్టిన గోరింటాకు

నిన్న మధ్యాహ్నం రేపల్లె స్కూల్లో క్లాసు చెబుతుంటే అమ్మ ఫోన్ చేసింది.

"మన షబానా ఇక లేదే" అంది.

"ఏంటమ్మా ఆ మాటలు!" అని కసిరేశాను. పిల్లలంతా నావైపే చూస్తున్నారు.

పొద్దున్నే కదా తెనాలి స్టేషన్‌కి కలిసి నడిచాం! నేను రేపల్లె బండి ఎక్కాను. తను కాలేజీకని బాపట్ల బండి ఎక్కింది.

కాలేజీ మెట్లెక్కుతూ నోట్లోంచి రక్తం పడి కూలిపోయిందట. గుంటూరు తీసుకెళ్ళేలోపే అంతా అయిపోయింది.

పదిహేడేళ్ళు. అంతే.

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా. షబానా మా పక్కింటి పిల్ల. పుట్టుకతోనే ఊపిరితిత్తుల్లో కొన్ని రక్తనాళాలు తప్పుగా కలిసిపోయాయి. రక్తం గాలి అందుకోకుండానే వెనక్కి వెళ్ళిపోయేది. కాసేపు ఆడితే చాలు ఆయాసం, గోళ్ళు నీలం.

ఎనిమిదేళ్ళప్పుడు హైదరాబాద్‌లో తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, చిన్న చిన్న తీగ చుట్టలతో ఆ దారులు మూసేశారు. పెద్ద ఆపరేషన్ లేకుండానే ఇంటికొచ్చేసింది.

వచ్చీ రాగానే వీధంతా చాటింపు. "నా లోపల పెన్ను స్ప్రింగులున్నాయి, తెలుసా!" నన్నయితే చెవి పెట్టి వినమంది.

"టక్ టక్ మంటున్నాయే" అన్నాను.

"అది గుండె అక్కా, నీకేం తెలీదు" అంది గడుగ్గాయి.

డాక్టరుగారు ఒక్కటే హెచ్చరించారట. అలాంటి తప్పు దారులు మళ్ళీ రావచ్చు, గోళ్ళు నీలమైతే వెంటనే తీసుకురండి అని. అప్పటి నుంచి వాళ్ళమ్మ, మా ఫాతిమా పిన్ని, ప్రతి శుక్రవారం ఆ పిల్ల వేళ్ళు వెలుతురులో పెట్టి చూసేది.

మొన్న రంజాన్‌కి నా దగ్గరకొచ్చి కూర్చుంది. "అక్కా, గోళ్ళ మీద కూడా నిండుగా పెట్టవా?"

పెట్టాను. రంగు తగ్గగానే మళ్ళీ వచ్చింది. మళ్ళీ పెట్టాను. సరదా పడుతోందిలే అనుకున్నాను.

ఇవాళ తన ఫ్రెండ్ ఏడుస్తూ చెప్పింది. రంజాన్ ముందు నుంచే ఆయాసమట. అమ్మ చూస్తే కాలేజీ మాన్పిస్తుందని గోళ్ళు దాచిందట.

పిచ్చిదానా, నాతో ఒక్క మాట అనుంటే! నేనైనా ఒక్కసారి అడిగుంటే!

మట్టి చేసి మగవాళ్ళు తిరిగొచ్చాక, పిన్ని దగ్గరికెళ్ళి మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

నా చేతులు పట్టుకుంది.

"నీకేం తెలుసమ్మా, అడిగింది పెట్టావు. ఎంత బాగా పండిందో అని శుక్రవారం శుక్రవారం నేనే మురిసిపోయాను."

వెళ్ళిరా షబానా. ఆ అల్లా చల్లటి నీడలో హాయిగా నిద్రపో తల్లీ.