మాయ ఉంగరానికి కారప్పొడి తోడు

బెంగళూరులో చదివే మా మరిది ఈ రోజు హిందూపురం వచ్చి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆటొకటి మా అమ్మాయి పద్మకూ, పక్కింటి హసీనాకూ నేర్పించాడు. ఆటలో వాళ్లు గుహకు బయలుదేరుతుంటే, దారిలో తినడానికి సంగటి, కారప్పొడి మూట కట్టుకోమన్నాను. ముగ్గురూ నవ్వారు గానీ, సామాన్లలో రాసుకున్నారు.

గుహలో రాక్షసుడి దెబ్బకు ప్రాణం మీదికొచ్చి, హసీనా మాయ ఉంగరం తొడుక్కుని కనిపించకుండా పోయింది. తీరా చూస్తే, పద్మ దగ్గరున్న గాయం మాన్పే మంత్రం కంటికి కనిపించే మనిషికే పనిచేస్తుందట. ఉంగరం తీస్తే రాక్షసుడు చంపుతాడు, తీయకపోతే గాయం చంపుతుంది.

"నేను సచ్చిపోతాండా అత్తా!" అని హసీనా నిజంగానే ఏడ్చేసింది.

"మూటలో కారప్పొడి ఉండాది కదా! ముందు వాని కండ్లలో కొట్టు, ఆమీట ఉంగరం తియ్."

"మంత్రాల నడమ వంటిల్లు తెస్తే ఎట్ల వదినా?" అన్నాడు మరిది.

"ఉంగరం నీ రూలు, కారం నా రూలు. పాచిక వేయించబ్బా."

ఆరు పడింది, కారం గురి తప్పలేదు. హసీనా బతికింది. మరిది మాత్రం ఇంకా ఒప్పుకోవడం లేదు. మీరే చెప్పండి, రాక్షసుడైతే మాత్రం కళ్లు మండవా?