భీముడి పేరున దాచిన నెత్తురు

చేపల బజారులో ఐసుపెట్టె మూత తీయగానే తెల్లటి పొగ మొహానికి తగులుతుంది. బేరం మధ్యలోనే మా డాక్టరమ్మ గుర్తుకొస్తారు.

ఆవిడది గోదావరి వైపు. భర్తకి స్టీలుప్లాంటులో ఉద్యోగమని విశాఖ వచ్చి, రెండువేల సంవత్సరం దాటాక బీచి దగ్గర కుక్కల పళ్ళ ఆసుపత్రి పెట్టారు. తుడిచి కడిగే పనికి నేను కుదిరాను. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, కుక్కలకి పళ్ళ వైద్యమేటని నవ్వుకున్నాను.

మా పేటలో పడవ నడిపే అప్పన్న తన కుక్క భీముణ్ణి తెచ్చాడు. పుచ్చిన కోరపన్ను పీకితే చిగుళ్ళలో కన్నం ముక్కుదాకా పోయింది. తాగిన నీళ్ళు ముక్కులోంచి కారిపోతున్నాయి. డాక్టరమ్మ దాని కాలినుంచి నెత్తురు తీసి, మిషనులో గిరగిరా తిప్పారు. పైకి పుండు మాన్పే పసుపు నీరు తేలింది. కొంత ఆ కన్నంలో నింపి కుట్టేశారు. మిగిలింది చిన్న గొట్టంలో పోసి, భీముడి పేరు రాసి, ఐసులా గడ్డకట్టించే పెట్టెలో పెట్టారు.

"ఇంత పెట్టె రెండు సెంచాల నీళ్ళకేనా డాక్టరమ్మా? కరెంటు దండగ. ఓ పక్కన సేపలెట్టుకుంటే ఏటి?"

"నీ చేపల కోసం మాటిమాటికీ మూత తీస్తే దీని సత్తువ పోతుందమ్మా. ఇది భీముడి సొమ్ము. మనం కాపలా, అంతే."

కొన్నాళ్ళకి అప్పన్న భీముణ్ణి భుజాన వేసుకొచ్చాడు. కుట్లు తెగిపోయాయి. చీము పట్టి, తిండి లేక డొక్కలు అంటుకుపోయాయి.

"నీరసంగున్నాడని ఎండుసేప తలకాయెట్టినానమ్మా," అంటూ చెయ్యి చాపాడు. "నా రత్తం తీయండి. ఎంత కావాలన్నా తీయండి."

"నీది దీనికి పనికిరాదు అప్పన్నా. దానిదే కావాలి."

"ఆడి వొంట్లో ఏటుందమ్మా తియ్యడానికి?"

"బాగున్నప్పుడు తీసిందుంది."

చీము తగ్గడానికి ముందు మందులిచ్చారు. తరవాత ఆ గొట్టాన్ని గోరువెచ్చని నీళ్ళలో ఉంచారు. నేను పొయ్యిమీది వేణ్ణీళ్ళు తేబోతే వారించారు. "పసిబిడ్డని లేపినట్టు లేపాలి." కరిగాక ఏదో మందు చుక్క వేశారు. నా కళ్ళముందే అది జున్నులా పేరుకుంది. దాన్ని ఆ కన్నంలో పెట్టి మళ్ళీ కుట్టేశారు. ఆ కుక్క మంచిరోజుల బలం దాని చెడ్డరోజుకి అందింది.

పుండు మానాక నీళ్ళగిన్నె పెట్టాం. భీముడు గతుకుతుంటే అప్పన్న నేలమీద బోర్లా పడుకుని దాని ముక్కే చూశాడు. చుక్క రాలలేదు.

"సూడండమ్మా, కారట్లేదు!" అని కుక్కకంటే ముందు తనే గెంతాడు.

దాచడం నాకు పుట్టుకతో వచ్చింది. ఇప్పుడు మాత్రం ఏది దాచబోయినా, ఇది ఎవరికని ఆగి అడుగుతాను. జవాబు తోచకపోతే ఎదురింటికి ఇచ్చేస్తాను. అత్తకి జ్వరమేమోనని కోడలు నా నుదురు పట్టుకుని చూస్తుంది.