గోడ మీద ఆర్తి ముఖం

ఆర్తి చదివిన వేలూరు కాలేజీ జారీ చేసిన నోటీసు నకలు ఇప్పటికీ నా ఇనుప పెట్టెలో ఉంది. గ్రాఫిక్ డిజైన్ మూడవ సంవత్సరం విద్యార్థులు ఏదైనా డిజైన్ సంస్థలో నలభై అయిదు రోజులు పనిచేయాలి. ఆ సంస్థ ఇచ్చే అంగీకార పత్రాన్ని ఫిబ్రవరి ఇరవై ఒకటి, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలలోగా ఆఫీసులో దాఖలు చేయాలి. చేయనివారు చివరి పరీక్షకు అనర్హులు. ఇదీ అందులోని సారాంశం. ఏ సంస్థకు వెళ్లాలో, ఎవరిని అడగాలో ఒక్క ముక్క లేదు. మూడేళ్లు ఫీజు వసూలు చేసినవారు, పిల్లకు ఒక తలుపు చూపించే బాధ్యత తమది కాదని ఇంత శుభ్రంగా టైపు చేయించి, ముద్ర వేయించి మరీ చెప్పగలరా అని ఆ కాగితం పట్టుకొని నేను చాలాసేపు కూర్చున్నాను.

ఆర్తి గుడియాత్తంలో మా వీధి పిల్ల. తండ్రి కన్నప్ప కట్టుబడి మేస్త్రి. పని ఎక్కడుంటే అక్కడికి పోయి వారానికొకసారి ఇల్లు చేరే మనిషి. తల్లి పొన్నమ్మ ఇంట్లోనే అగ్గిపెట్టెల అట్టలు మడుస్తుంది. ఆ ఇంట్లో మాట తెలుగు, చదువు అరవం. మా ఊరి తెలుగు బడి మూతపడేదాకా అందులో పాఠాలు చెప్పినవాణ్ణి కనుక పెద్దలకు నేను అయివోరిని, ఆర్తికి తాతను.

ఆ నోటీసు వచ్చిన నాటినుంచి ఆర్తి పందొమ్మిది సంస్థలకు అర్జీలు పంపింది. ప్రతిదానికీ నకలు తీయించి నా పెట్టెలో పెట్టాను. జవాబులు రెండే వచ్చాయి. ఒకటి, ముందే ఎక్కడైనా అనుభవం ఉన్నవారినే తీసుకుంటామని. అనుభవం సంపాదించుకోవడానికి వస్తానన్న పిల్లను అనుభవం ఏదని అడగడం ఏ న్యాయమో ఆ ఉత్తరం రాసినవారికే తెలియాలి. రెండవది కొంత మర్యాదగా ఉంది: చేసిన పనుల నమూనాలు పంపు, నిన్ను నువ్వు పరిచయం చేసుకుంటూ ఒక పేజీ రూపొందించి జతచేయి అని.

నమూనాలకు కొదవ ఉండకూడదు నిజానికి. పదిహేడో ఏటినుంచి ఆర్తి సాయంత్రాలు బస్టాండు పక్కన సురేంద్రన్ ఫ్లెక్స్ కొట్లో పనిచేస్తోంది. మా ప్రాంతంలో మనిషి పోయిన రెండు గంటలలోపల ‘కన్నీర్ అంజలి’ పోస్టరు గోడలెక్కాలి. పోయినవారి ఫొటో, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, శవం ఎత్తే వేళ, కింద దుఃఖించే బంధువుల పేర్లు. పోయినవారి కొడుకో అల్లుడో వచ్చి స్టూలు మీద కూర్చుని ఏడుస్తూ చెబుతుంటే, ఈ పిల్ల కంప్యూటరు ముందు కూర్చుని చేసి ఇచ్చేది. పేర్ల వరుస తప్పితే చావు ఇంట్లో కొట్లాటే. అందుకని మన తెలుగు ఇళ్ల పోస్టరైతే, ముద్రించే ముందు చిన్న కాగితం మీద ఒక ప్రతి తీసుకుని నా దగ్గరకు పరుగెత్తుకొచ్చేది.

నమూనాలు తెచ్చుకుంటానని కొట్టుకు బయలుదేరిన రోజు నేనూ వెంట వెళ్లాను.

“అన్నా, నేను చేసిన పోస్టర్లు కంప్యూటర్లో ఉండాయి కదా, పెన్‌డ్రైవులో ఏసుకుంటా,” అంది ఆర్తి.

సురేంద్రన్ నవ్వాడు. “యాడుంటాయమ్మా? ఒగే ఫైలు కదా! నువ్వే కదా దినామూ ఒగ పీనుగ మీద ఇంగో పీనుగను పండబెట్టినావు.”

ఆర్తి ముఖం తెల్లబోయింది. ఆ కొట్టు పద్ధతి అంతే. కొత్త చావు వస్తే పాత చావు ఫైలు తెరవడం, ఫొటో మార్చడం, పేర్లు మార్చడం, అదే పేరుతో దాచడం. తొందరలో ఎవరూ వేరే ఫైలు తెరవరు. మూడేళ్ల పని అంతా ఒక్క ఫైలులో ఒకదానినొకటి తుడిచేసుకుంది. మిగిలింది మొన్న పోయిన బియ్యం కొట్టు ముసలాయన ఒక్కడే.

“పోనీ, ఈడ మూడేండ్లు పని చేసినానని లెటరన్నా ఇయ్యన్నా.”

“లెటరా? రేపు ఎవుడో ఆఫీసరొచ్చి, పదిహేడేండ్ల పిల్లను ఎట్ల పెట్టుకుంటివప్పా అంటాడు. నాకెందుకమ్మా ఈ వేండాద వేల, లేనిపోని తంటా? కావాలంటే ఇంగో మూడేండ్లు ఈడే చెయ్యి, నేనేమన్నా వద్దంటినా?”

నేను కోపంతో చట్టం ఎత్తబోయాను. ఆర్తి నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ఇక మిగిలింది తనను తాను పరిచయం చేసుకునే ఆ ఒక్క పేజీ. మూడు రోజులు కూర్చుని తయారుచేసింది. నడుమ తన ఫొటో, కింద పేరు, దాని కింద పుట్టిన తేదీ, ఊరు, చదువు. చుట్టూ సన్నటి నల్లగీత. తెల్లటి ఖాళీ బాగా వదలాలని కాలేజీలో నేర్పారట. గడువుకు రెండు రోజుల ముందు, బుధవారం, పెద్ద కాగితం మీద ముద్రించుకుని, ఎండ వెలుతురులో ఫొటో తీసుకుందామని తమ ఇంటి ముందరి గోడకు అంటించి, ఫోను తేవడానికి లోపలికి వెళ్లింది.

అట్టలకట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న పొన్నమ్మ వీధి మలుపులో ఆ గోడను చూసింది. ఆమెకు ఏ లిపీ రాదు. ఆమెకు తెలిసిందల్లా గోడ మీద ఒంటరిగా ఒక ముఖం, చుట్టూ నల్లగీత ఉంటే దాని అర్థమేమిటో.

“నా బంగారూ! నా తల్లీ! యాడికి పోతివే!”

ఆ కేకకు వీధంతా బయటికి వచ్చింది. ఫోను చేత్తో పట్టుకుని ఆర్తి కూడా వచ్చింది. పొన్నమ్మ కూతుర్ని చూసి, పోస్టరును చూసి, మళ్లీ కూతుర్ని చూసి, ముందు వాటేసుకుంది, తరువాత వీపు వాయగొట్టింది.

“బతికుండగానే అంజలి ఏసుకుంటావా! ఎవురు సెప్పినారే నీకు ఇట్లా? ఈ సదువా మీ కాలేజీలో సెప్పేది?”

“అది అంజలి కాదుమా, నా గురించి నేనే—”

“నోరు ముయ్! పూలదండొగటే తక్కవ!”

ఇంతటితో పోతే నవ్వుకుని మరిచిపోయేవాళ్లం. కానీ అంతకు ముందే ఆ వీధిలో ఆటో తోలుకుంటూ పోయిన పళని, దగ్గరి బంధువే, కదిలే బండిలోంచి ఆ గోడ చూశాడు. ఆగలేదు, అడగలేదు. నాట్రంపల్లిలో గోడ కడుతున్న కన్నప్పకు ఫోను చేసి “మామా, మన ఆర్తి పోస్టరు ఏసినారు మామా” అని ఏడ్చాడు. ఆ మాటతో కన్నప్ప చేతిలోని ఫోను సిమెంటు తొట్టిలో పడింది. తరువాత మేము ఎన్నిసార్లు చేసినా మోగలేదు.

కన్నప్ప రెండు బస్సులు మారి ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. చేతుల మీద సిమెంటు ఎండి తెల్లగా పగుళ్లు తేలింది. కాళ్లకు చెప్పులు లేవు. వాకిట్లో నిలబడ్డ కూతురిని చూశాడు. దగ్గరకు వచ్చి, ఆ సిమెంటు చేత్తోనే ఆమె ముఖం తడిమి, గడప మీద కూలబడ్డాడు. ఆ రెండు బస్సుల్లో ఆ మనిషి ఏమేమి అనుకుంటూ వచ్చాడో ఈనాటికీ ఎవరికీ చెప్పలేదు.

“ఆ కాయితం యాడ?” అని అడిగాడు. చూపించాం. కళ్లార్పకుండా చూశాడు.

“శుక్రవారం దాకా చూస్తా పాపా. అంతలోపల ఆ లెటరు రాకపోతే శనివారం నాతో నాట్రంపల్లికి రా. ఇటికలు అందిద్దువు. నాకీ సదువు వద్దు. ఈ ఒగ దినానికే నా ఉసురు పోయినంత పనైంది.”

ఆ సాయంత్రం ఆర్తి మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. పొన్నమ్మ చించకుండా నేను ఎలాగో తప్పించిన ఆ పోస్టరు ఆమె ఒళ్లో ఉంది.

“తాతా, బతికినోళ్లను ఒంటిగా పెట్టేది నాకు తెలీదు. పెండ్లి ఫ్లెక్సంటే ఇద్దురుంటారు. చెవులు కుట్టేదంటే సుట్టూ మామలు పదిమంది ఉంటారు. పుట్టినరోజంటే ఫ్రెండ్సు ఇరవైమంది ఉంటారు. మన ఊర్లో ఒంటిగా ఉండేది సచ్చినోళ్లే. నన్ను నేను చూపించుకోమంటే నాకు అదే వచ్చింది.”

నేను లోపలికి వెళ్లి ఇనుప పెట్టె మూత తీశాను. వరుస సరిచూడమని ఆమె తెచ్చిన చిన్న ప్రతులు, నేను అందుకున్న తేదీ వేసి దాచినవి, మూడేళ్లవి, రెండు వందల పదకొండు ఉన్నాయి. చాలావాటి వెనుక పెన్సిలుతో ఆమె గీసుకున్న చిత్తు గీతలూ ఉన్నాయి. కట్ట విప్పి ఆమె ముందు పెట్టాను.

ఆర్తి ఒక్కొక్కటే తిప్పింది. “మునిరత్నమ్మవ్వ… ఈమెకు ఫొటోనే లేదు తాతా, ఓటరు కార్డులోది పెద్దది చేసినా. ఇది పెరియస్వామి మామది…” అంటూ చేతి వెనుకతో కళ్లు తుడుచుకుంది.

శుక్రవారం ఉదయం కన్నప్ప నన్ను తోడు పొమ్మన్నాడు. ఆ కట్టా, దాని అడుగున పోస్టరూ సంచిలో పెట్టుకుని ఇద్దరం కాట్పాడి రైలెక్కాం. వేలూరులో ఆ రోజుకు మిగిలినవి మూడు చిరునామాలు. మొదటిచోట తాళం. రెండవచోట, నమూనాలు పంపమని రాసిన ఆ సంస్థలోనే, గాజు తలుపు వెనుక కుర్రవాడొకడు మమ్మల్ని గంటన్నర కూర్చోబెట్టి “సార్ ఇవాళ రారు” అన్నాడు. ఆ మాట గంటన్నర ముందు చెప్పడానికి ఏమి అడ్డమొచ్చిందని అడిగాను. నవ్వాడు.

మూడవది ఆస్పత్రి దగ్గరి సందులో మేడ మీద. యజమాని పేరు డానియల్. మా మాటలు విని తెలుగులోకి దిగాడు. వాళ్ల అమ్మది చిత్తూరట. అప్పటికి గోడ గడియారంలో మూడు ఇరవై. కట్ట విప్పి నాలుగు కాగితాలు చూసి మూసేశాడు.

“పని బాగుండాది పాపా. కానీ నా దగ్గరికొచ్చేదంతా స్కాన్ సెంటర్లు, ల్యాబులు, లాడ్జీలు. ఆస్పత్రి ఊర్లో సావు నోటీసులేసే పిల్లను పెట్టుకున్నానంటే నన్ను లోపలికి రానిస్తారా?” కట్ట తిరిగి ఇవ్వబోతూ అడుగున ఉన్న పెద్ద కాగితం చూశాడు. ఉలిక్కిపడి ఆర్తి ముఖంలోకి చూశాడు. “ఇది నువ్వే కదా?”

“నేనే సార్.”

“బతికే ఉండావు కదా తల్లీ?”

“ఈ దినం అయిదు గంటల దాకా సార్,” అంది ఆర్తి.

డానియల్ నవ్వలేదు, నేనూ నవ్వలేదు. ఆర్తి అతని కంప్యూటరు తెర మీద ఉన్న స్కాన్ సెంటరు బోర్డును చూస్తోంది. అందులో సగానికి పైగా పళ్లు చూపి నవ్వే అమ్మాయి బొమ్మ. దారి చూపే బాణం ఒక మూల.

“సార్, ఒగ మాట. ఈ బోర్డు చూసేదెవురు? అమ్మకో నాయనకో బాగలేక, రైలు దిగి, ఈ ఊరు తెలీక, కండ్లల్లో నీళ్లతో వచ్చేటోళ్లు. వాళ్లకు ఆ నవ్వు కనపడదు సార్. ఏడ్చేటోళ్లకు ఏం కనపడతాదో నాకు తెలుసు. మూడేండ్లుగా నా పక్కన స్టూలు మీద కూర్చున్నది వాళ్లే. పేరు, దారి, వేళ. అంతే. పోయే బస్సులోంచి చూసినా తెలియాల. అది తప్ప నాకింగేం రాదు. కానీ అది వచ్చు సార్.”

ఆ గొంతులో బతిమాలడం లేదు; పోతే పోనీ అనే తెగింపు ఉంది. డానియల్ లేచి తన కుర్చీ ఆమె వైపు జరిపాడు. “అరగంట ఇస్తా. చేసి చూపించు.”

ఇరవై నిమిషాలలో ముగించింది. నవ్వే అమ్మాయి పోయింది. తెల్లని బోర్డు మీద మూడు పంక్తులు, పెద్ద బాణం. డానియల్ గది చివరి గోడదాకా నడిచి, కళ్లజోడు తీసి, మసకచూపుతో చదివాడు. తరువాత లెటర్‌హెడ్డు తీశాడు.

అంగీకార పత్రం నకలు నా దగ్గర ఉంది. నలభై అయిదు రోజులు, జీతం లేదు, చేసిన పని మీద విద్యార్థి పేరు ఉండదు అని అందులో ఉంది. ఆ చివరి షరతు చదివి నేను మండిపడ్డాను. ఆర్తి నా చేతిలోంచి కాగితం లాక్కుని, “నా పేరు యాడన్నా ఉండిందా తాతా ఎప్పుడైనా? రా, టైమైపోతాది,” అని మెట్లు దిగి పరుగెత్తింది.

కాలేజీ ఆఫీసు చేరేసరికి నాలుగు యాభై రెండు. గుమాస్తా అప్పటికే సంచి సర్దుకున్నాడు. “సోమవారం రండి,” అన్నాడు. నేను సంచిలోంచి వాళ్ల నోటీసు తీసి, ‘అయిదు గంటలలోగా’ అన్న పంక్తి మీద వేలు పెట్టి కిటికీ ముందు నిలబడ్డాను. ఆర్తి రెండు చేతులతో ఆ పత్రాన్ని కిటికీలోంచి లోపలికి చాచి అలాగే పట్టుకుంది. గుమాస్తా ఒకసారి గడియారం చూసి, విసుక్కుంటూ ముద్ర వేశాడు.

ఇల్లు చేరగానే పొన్నమ్మ ఉత్తరం సంగతి తరువాత అడిగింది. ముందు నా ముందు చెయ్యి చాచింది.

“అయివోరా, ఆ కాయితం ఇయ్యి.”

యాభై ఏళ్లలో నా దగ్గర చేరిన ఏ కాగితాన్నీ నేను బయటికి పోనివ్వలేదు. వాదించడానికి నోరు తెరిచాను. గడప మీద కన్నప్ప కూర్చుని ఉన్నాడు. గోళ్ల సందుల్లో సిమెంటు ఇంకా వదలలేదు. నేను పోస్టరు తీసి ఇచ్చాను.

పొన్నమ్మ దాన్ని కూతురి చుట్టూ మూడుసార్లు తిప్పి, ఉప్పు, ఎండుమిరపకాయలు వేసి వాకిట్లో కాల్చింది. కన్నప్ప అది పూర్తిగా బూడిద అయ్యేదాకా చూసి, అప్పుడు లోపలికి వెళ్లి అన్నం పెట్టమన్నాడు.