తమ్ముడికి తెలియని ఆనపకాయ

ఈ పొద్దున ఆనపకాయ తురుముతుంటే మనవరాలు వచ్చి, "ఏటి సేత్తన్నావ్ అమ్మమ్మా?" అని గట్టిగా అరిచింది. గబుక్కున దాని నోరు మూశాను.

పోర్టు క్వార్టర్సులో ఉన్న రోజుల్లో మా తమ్ముడు ఆనపకాయ ముట్టేవాడు కాదు. అమ్మ వంటింటి తలుపు చేరేసి, తురుమంతా మినపరొట్టె పిండిలో కలిపేసేది. "తమ్ముడికి సెప్పకే. తెలిత్తే తినడు," అనేది నాతో. వాడేమో మాడిన పెచ్చు కోసం నాతో దెబ్బలాడేవాడు.

ఒక వేసవిలో జ్వరమొచ్చి తమ్ముడు పోయాడు. పోర్టు నుంచి ఎగిరొచ్చి కిటికీ మీద పేరుకున్న ఎర్రటి ఇనప ఖనిజపు దుమ్ములో వాడు వేలితో గీసిన ఓడ చెరగకముందే, అమ్మ మళ్ళీ తలుపు చేరేసి ఆనపకాయ తురిమింది. నాకది ఇష్టమేనని అమ్మకు తెలుసు. అయినా, "తమ్ముడికి సెప్పకే," అంది.

వాడు తలుపవతల నిలబడి వింటున్నాడనుకుని నేను నోరు మెదపలేదు.

ఇప్పుడు అమ్మా లేదు. వాడికి నేనింకా చెప్పలేదు.