ఇచ్చిన కార్డు గుంజుకున్న

పోయినేడు బీదర్‌లో కొత్తగా వ్యాపారం పెట్టిన పిల్లలకు మీటింగ్ అయితే, మనుమరాలు స్వప్న వెంట నేనూ పోయిన. అది కరకరలాడే జొన్నరొట్టెలు చేసి అమ్ముతది. "తెలియనోళ్లతోని మాట్లాడుర్రి, మీ ఫోన్ నంబరు కార్డులు ఇయ్యుర్రి" అని స్టేజీ మీది సారు చెప్పిండు. నాకు నచ్చలే. గంజ్ బజార్ల మాకు దుకాణం ఉన్నప్పుడు సరుకు ఎక్కడిదో చుట్టాలకు కూడా చెప్పెటోళ్లం కాదు.

చాయ్ తాగేటప్పుడు స్వప్న ఒకాయనకు కార్డు ఇచ్చింది. "జొన్నలు ఎక్కడ కొంటవమ్మా? దినానికి ఎన్ని రొట్టెలు చేస్తరు?" అని ఆయన అడిగిండు. అది బగ్దల్ ఊరి రైతు పేరు చెప్పబోతుంటే నేను అడ్డం పడ్డ.

"గుట్టంతా తెలుసుకొని రేపు నువ్వే ఈ వ్యాపారం పెట్టుకుందామనా అయ్యా?" అని, ఆయన చేతిల కార్డు గుంజుకున్న. అందరు మా దిక్కే చూసిండ్రు.

"నాకు మూడు హాస్టళ్లు ఉన్నయమ్మా. సరిపోను రొట్టెలు ఇయ్యగలరా అని అడిగిన" అని ఆయన నెమ్మదిగ చెప్పి అవతలి టేబుల్‌కు పోయిండు. స్వప్న పిలిచినా ఆగలే.

ఆటోల అది ఒక్కటే మాటన్నది: "అమ్మమ్మా, ఆర్నెల్లు తిరిగితే దొరికిన మొదటి పెద్ద గిరాకి ఆయన."

దుకాణంల నేర్చిన జాగ్రత్తే పిల్లకు అడ్డమైంది. ఇప్పుడు మీటింగులకు పోయేటప్పుడు అది నన్ను రమ్మనదు. వస్తనని నేనూ అడుగ.