సదుం మూటలోని ఎర్రచీర

మా ఇంట్లో బొంతలు కుట్టేవాళ్ళం. మదనపల్లెలో మిషను ఆసుపత్రి వెనకసందున రెండు గదుల పెంకుటిల్లు మాది. ముందు గదిలో ఎప్పుడూ ఏదో ఒక బొంత నేలంతా పరచి ఉండేది, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి. దాన్ని తొక్కకుండా గోడ పక్కగా నడిచి వంటింట్లోకి పోవడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా తాతలు కూలికి పోయి బతికినవాళ్ళు. అమ్మ మిషను బడిలో నాలుగేళ్ళు చదివి అక్కడే కుట్టుపని నేర్చుకుంది. ఆ కుట్టు వల్లే మా నాయన ఒకరి పొలంలోకి పనికి పోకుండా సొంత మూట భుజాన వేసుకుని సంతలు తిరగగలిగాడు.

జనం తమ ఇళ్ళల్లోని పాత చీరలూ పంచెలూ మూటగట్టి తెచ్చిచ్చేవారు. మూట విప్పడం, గుడ్డలు ఉతికి ఆరేయడం, చిరుగులు కత్తిరించి రంగులు ఏరిపెట్టడం నా పని. అమ్మ వాటిని పొరలు పొరలుగా పరిచి కుట్టేది. అంచు దగ్గర మొదలైన కుట్టు చుట్టూ తిరిగి తిరిగి నడిమికి చేరేది. పుంగనూరు సంతకూ ఏటా కుప్పంలో జరిగే పశువుల పరసకూ మేము ముగ్గురమూ పోయేవాళ్ళం.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కొత్త గుడ్డకు రేషను పెట్టారు. అంగడి ముందర పొద్దంతా నిలబడినా చేతికి వచ్చేది ముతక గుడ్డే. నాకు అప్పుడు పదిహేనేళ్ళు. ఆ క్రిస్మసుకు కొత్త రవిక లేదని అమ్మ ముందుగానే చెప్పేసింది. నేను సరేనన్నాను కానీ, మిషను గుడి పాటల గుంపులో ముందు వరసలో నిలబడాల్సింది నేనే. నా రవిక చంకల దగ్గర రెండుసార్లు అతుకు వేసినది.

ఆ నెలల్లోనే పుంగనూరు సంతలో సదుం నుంచి ఒక పెద్దామె మా దగ్గరికి వచ్చింది. వెంట కోడలు, కోడలి నెత్తిన ఒక మూట, చంకన నాలుగైదు నెలల ఆడబిడ్డ. ఆ బిడ్డ కోడలి బిడ్డ కాదు. పెద్దామె కూతురు కాన్పులో పోతే, మిగిలిన పసిగుడ్డును ఈ కోడలు సాకుతోంది.

"నా కూతురి చీరలమ్మా ఇవి," అంది పెద్దామె మా అమ్మతో. "బిడ్డ మీద కప్పేదానికి ఒక బొంత కుట్టియ్యండి. వాళ్ళమ్మ చీరలు ఒంటికి తగలాల కదా దానికి."

అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మూట తీసుకుని నా చేతికిచ్చింది.

ఇంటికి వచ్చి విప్పితే ఆరు చీరలున్నాయి. అయిదు బాగా వాడినవి. ఆరోది దానిమ్మపువ్వు లాంటి ఎరుపు, ఆకుపచ్చ అంచు. నాలుగుసార్లు కూడా కట్టి ఉండరు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంత మంచి చీరను పొరల్లో వేసి సూదితో పొడిస్తే ఏమి లాభం అనుకున్నాను. పోయినామెకు ఇంక చీరతో పనేముంది అని కూడా అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి ఆడటం లేదు, కానీ అనుకున్నది అదే. అమ్మ పెరట్లో ఉంది. చీర మడిచి నా పుస్తకాల పెట్టె అడుగున పెట్టేశాను.

మూడు వారాలకు బొంత తీసుకుపోవడానికి వాళ్ళిద్దరూ సంతకు వచ్చారు. పెద్దామె బొంతను ఒళ్ళో పరచుకుని ఒక్కొక్క ముక్కనూ వేలితో తడిమింది. ఇది ఫలానా పండగకు తెచ్చింది, ఇది వాళ్ళాయన కుప్పంలో కొన్నది అని తనలో తనే చెప్పుకుంది. తర్వాత తలెత్తింది.

"ఎర్రచీర యాడమ్మా? అది కనిపించలేదే?"

అమ్మ నావైపు చూసింది. "ఎర్రచీర ఉండెనా పాపా?"

"మూటలో ఎర్రచీర రాలేదమ్మా," అన్నాను. "అయిదే ఉండె."

కోడలు గబుక్కున ఒకడుగు ముందుకు వచ్చింది. "నేనే మడిచి పెట్టినానత్తా. అన్నిటికన్నా పైన పెట్టింది అదే."

"పెట్టింటే యాడికి పోతాది?" అంది పెద్దామె.

"మా బిడ్డ అబద్ధమాడదమ్మా," అంది అమ్మ మెల్లగా. గొంతులో కోపం లేదు, తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. "గుడ్డలన్నీ అదే ఉతికింది. ఇంట్లో ఇంగొకసారి వెతికి సూడండి."

కోడలు నావైపు చూసింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. అబద్ధమని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని నాకూ తెలుసు. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే అంతటితో తీరిపోయేది. నేను వంగి, పక్కనున్న బొంతల్ని సర్దినట్టు నటించాను. పెద్దామె బొంత చుట్టుకుని లేచింది. అత్త ముందు, కోడలు వెనక, బిడ్డతో సంతలోంచి వెళ్ళిపోయారు.

ఆ చీరలో మంచి భాగం కత్తిరించి రవిక కుట్టుకున్నాను. బడిలో కుట్టుపని నేర్పే టీచరమ్మ మిగిలిన గుడ్డ ఇచ్చిందని అమ్మతో చెప్పాను. ఎర్రగుడ్డను చూసి కూడా నన్ను అనుమానించకుండా అమ్మ సంతోషపడి, ఆమెకు ఇమ్మని అరిసెలు కట్టిచ్చింది. దారిలో వాటిని నేనే తినేశాను. క్రిస్మసు నాడు ముందు వరసలో నిలబడి పాడాను. నలుగురూ రవిక బాగుందన్నారు.

సంక్రాంతి దాటాక కుప్పం పరసకు పోయాం. ఎద్దుల్ని తోలుకొచ్చినవాళ్ళు మైదానంలోనే పడుకుంటారు, అక్కడ చలెక్కువ. కాబట్టి బొంతలు బాగా పోయేవి. మొదటిరోజు డేరా తాడు లాగుతుంటే వెదురు చీలిక తగిలి నా రవిక చెయ్యి చిరిగింది. అమ్మ తన దుప్పటి నాకు కప్పి, "విప్పియ్యి, కుట్టిస్తా," అంది. రవికను లోపలికి తిరగేసి కుట్టు పట్టింది. కాసేపటికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

సదుం చాకలి ఆ ఇంటి గుడ్డలన్నిటికీ నల్లజీడి గింజ రసంతో ఉతికినా పోని గుర్తు పెట్టేవాడు, మూడు చుక్కలు, కింద ఒక గీత. బొంత కుట్టినప్పుడు అయిదు చీరల మీదా ఆ గుర్తును అమ్మ చూసింది. అదే గుర్తు నా రవిక కుట్టు మడతలో ఉంది. కత్తిరించేటప్పుడు నేను గమనించలేదు.

"ఇదేంది పాపా?"

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. ఆ గుర్తు మీద బొటనవేలు పెట్టి నన్ను అడిగింది.

"ఇంగెంత మిగిలుండాది?"

"సగం పైనే. పెట్టెలో ఉండాది."

అమ్మ లేచి నాయన దగ్గరికి పోయింది. "మీరు ఈడ సూసుకోండి. మేము పోతాండాము."

"యాపారం నడిచే పొద్దులో యాడికి? యాల?" అన్నాడు నాయన.

"పోయొచ్చి చెప్తా," అంది అమ్మ.

బొగ్గుతో నడిచే బస్సులో మదనపల్లె చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే మిగిలిన చీరా, చెయ్యి చిరిగిన రవికా ఒక గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. పుంగనూరులో బస్సు దిగి, కొంత దూరం బండి మీద, కొంత నడిచి సదుం చేరాం.

పెద్దామె వాకిట్లో బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తోంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. కోడలు కనబడలేదు. అమ్మ నన్ను ముందుకు నెట్టింది.

"అవ్వా, ఎర్రచీర మూటలోనే ఉండె. నేనే ఎత్తిపెట్టుకుంటి."

ఆమె చీరను చూసింది, రవికను చూసింది. వాటిని తాకలేదు. బిడ్డ ఒళ్ళు తుడిచి, పొడిగుడ్డలో చుట్టి భుజానికెత్తుకుంది.

"నా కోడలు పుట్టింటికి పోయి నెలన్నరైంది," అంది. "ఆయమ్మని నేను ఏమేమి మాటలన్నానో నీకు తెల్దు. చచ్చినదాని చీర దొంగిలిచ్చి పుట్టింటికి పంపినావా అన్నా. నా కొడుకు కొట్టె. నేను అడ్డం పోలా."

అమ్మ ముందుకు వచ్చింది. "నాదే తప్పమ్మా. నా బిడ్డ అబద్ధమాడదని నేను చెప్తి."

"నువ్వు నీ బిడ్డని నమ్మితివి. నేను నా కోడల్ని నమ్మలా." తర్వాత నావైపు తిరిగింది. "నా తప్పు నేను సూసుకుంటా. నీది నాకు చెప్పేది కాదు. బి.కొత్తకోటకి పోయి దానికి చెప్పుకో."

చీర మూట ఆ వాకిట్లోనే పెట్టేసి, మరుసటి రోజు కోడలి పుట్టిల్లున్న బి.కొత్తకోట పోయాం. కోడలు వాళ్ళ నాయన ఇంటి ముందర చాప మీద కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. మమ్మల్ని గుర్తుపట్టి కూడా లేవలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. ఆమె కాయలు ఒలుస్తూనే విన్నది.

"నేను పది తూర్లు చెప్తి," అంది చివరకు. "పది తూర్లు చెప్పినా నాది అబద్ధమే అయ్యె. నువ్వు ఒక్కమాట చెప్తే అది నిజమై కూసునె. ఎట్ల?"

అమ్మ ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

"నువ్వుండమ్మా. పాపా, నాకు చెప్తే ఏమొస్తాది? నాకు తెలిసిందే కదా. మా నాయనకి చెప్పు. ఆ ఇంట్లో చెప్పు, ఈ ఇంట్లో చెప్పు. వాళ్ళందురూ నన్ను దొంగనుకుంటాండారు."

ఆమె లేచి ముందు నడిచింది. నేను వెనక. మొదట వాళ్ళ నాయన ముందు నిలబడి చెప్పాను. ఆయన విని, మొహం పక్కకు తిప్పుకుని, తుండుగుడ్డతో కళ్ళొత్తుకున్నాడు. తర్వాత పక్కిల్లు, ఎదురిల్లు, వీధి చివర ఇల్లు. ప్రతి గడప దగ్గరా ఆమె, "ఈ పాప ఒక మాట చెప్పాలంట, వినండి," అని పక్కకు జరిగి నిలబడేది. "ఆ చీర నేను దొంగిలిచ్చినా. ఈ అక్క కాదు," అని నేను చెప్పాలి. మూడో ఇంట్లో ఒక ముసలామెకు చెవులు వినిపించవు. గట్టిగా మళ్ళీ చెప్పమంది. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. నేను గట్టిగా మళ్ళీ చెప్పాను.

తిరిగి వచ్చాక ఆమె మాకు మజ్జిగ ఇచ్చింది. నన్ను క్షమించానని అనలేదు. అమ్మ వైపు తిరిగి, "బిడ్డ ఎట్లుండాదమ్మా? సూసినారా?" అని మాత్రం అడిగింది. ఏడుస్తోందని అమ్మ నిజమే చెప్పింది. ఆమె చాప మీద కూర్చుని మళ్ళీ కాయలు ఒలవడం మొదలుపెట్టింది.

పెద్దామె బండి కట్టించుకుని బి.కొత్తకోట పోయిందనీ, మొదటిసారి కోడలు రానందనీ, ఉగాది అయ్యాక రెండోసారి పోతే వచ్చిందనీ పుంగనూరు సంతలో ఒక బండాయన నాయనకు చెప్పాడు. వాళ్ళు మళ్ళీ మా దగ్గరికి రాలేదు. రాకూడదనే నేను కోరుకున్నాను. సంతలో బిడ్డనెత్తుకున్న ఆడమనిషి ఎవరు కనబడినా మూటల చాటుకు పోయేదాన్ని.

నాయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడోరోజు మామూలుగా పిలిచాడు. అమ్మ అలా కాదు. మాట్లాడేది, అన్నం పెట్టేది, తల దువ్వేది. కానీ గుడిలో నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టే ద్రాక్షరసమూ, ఇచ్చే ఆదివారం వచ్చినప్పుడు, అందరూ లేచి ముందుకు పోతుంటే అమ్మ బెంచీ మీదే ఉండిపోయింది. తలమీద కొంగు కప్పుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మనసు మీద తప్పు ఉన్నవాళ్ళు ఆ బల్లను ముట్టకూడదని మా గుడిలో చెప్పేవారు. నన్ను ఇంకా ఆ బల్లలో చేర్చుకోలేదు, కాబట్టి నేను ఎప్పుడూ అక్కడే కూర్చునేదాన్ని. అంత పెద్ద గుడిలో పెద్దవాళ్ళందరూ ముందుకు పోగా, పిల్లల మధ్య అమ్మ ఒక్కతే మిగిలింది. ఆ తర్వాతి నెల కూడా అంతే.

గుడి బయట పక్కింటామె అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏమమ్మా, రెండు నెల్లుగా బల్ల దగ్గరికి రాలేదే? ఏమైనాది?"

అమ్మ నావైపు చూడలేదు. "ఒంట్లో బాగలేదక్కా," అంది.

అమ్మ నోట నేను విన్న మొదటి అబద్ధం అది.