సవా చక్రం

1958 వేసవి. వికారాబాద్ స్టేషన్‌కు కాస్త ఎడంగా ఉన్న మా ఇంటి వెనక వసారాలో మోటారు సైకిళ్లు బాగుచేసేవాణ్ణి. బోర్డు లేదు, పనివాళ్లు లేరు. నేలకు మాత్రం తాండూరు నాపరాళ్లు ఏరి తెచ్చి, నీళ్ల మట్టం చూసుకుంటూ నేనే పరిచాను. బండి ఏ పక్కకు ఒరిగిందో చెప్పాలంటే ముందు దాని కింద నేల ఒరగకూడదు.

బడిలో నా చదువు నాలుగో తరగతితో ఆగింది. లెక్కలు వచ్చింది రాళ్ల గనిలో. బండ పొడవు, వెడల్పు కొలిచి చదరపు అడుగులు నోటితో చెప్పడం అక్కడ నా పని. గనిలో పెద్దవాళ్లు పావు ఎక్కం, అర ఎక్కం, సవా ఎక్కం పాటలాగా చెప్పేవాళ్లు. సవా అంటే ఒకటింబావు. నాలుగు సవాలు ఐదు, ఎనిమిది సవాలు పది. ఇరవై ఏళ్ల తరువాత ఆ ఎక్కం ఒక మోటారు సైకిలుకు పనికొస్తుందని అప్పుడెవరైనా చెబితే నవ్వేవాణ్ణి.

ఆ వేసవిలో ఒక ఎడ్లబండి మా వాకిట్లో ఆగింది. బండిలో తుప్పు పట్టిన మిలిటరీ మోటారు సైకిలు, దాని పక్కన కుడికాలు చాచి కూర్చున్న మల్లేశ్. ఆయన పశువుల దవాఖానలో కంపౌండరు. కుల్కచర్ల దగ్గర గొర్లు కాసుకునే కుటుంబంలో పుట్టి, పదో తరగతి దాకా చదివి, పశువులకు సూదులు వేసే ఉద్యోగంలో చేరాడు. అంతకు ముందు సంవత్సరం సూది వేస్తుండగా ఒక ఎద్దు తన్నింది. విరిగిన ఎముకైతే అతుక్కుంది గాని మోకాలు వంగకుండా బిగుసుకుపోయింది. అంతవరకూ ఊళ్లన్నీ సైకిలు మీద తిరిగిన మనిషి ఇక పెడలు తొక్కలేడు.

ఆయన పై అధికారి మంచివాడేనట. వానలు పడేలోపు ఊళ్లు తిరగగలిగితే సరే, లేకపోతే పట్నంలో మందుల గోదాముకు మార్పిస్తాను, కూర్చుని చేసే పని, అన్నాడట. మల్లేశ్‌కు ఆ దయే భయమైంది. వానాకాలంలోనే పశువులకు గొంతువాపు వస్తుంది. ముందే సూదులు వేయకపోతే పొద్దున బాగున్న ఎద్దు మరునాటికి ఉండదు. అన్నదమ్ములు పొట్టేళ్లు అమ్మి, తాండూరులో ఒక రాళ్ల వ్యాపారి కొట్టంలో పడి ఉన్న ఈ బండిని కొనిపెట్టారు.

"గోదాముల సీసాలు లెక్కవెట్టుకుంట కూసోవాల్నా మేస్త్రీ? సీసాలు నాకేమన్న నోరు తెరిచి చెప్తయా?" అన్నాడు.

పశువులు మాత్రం చెబుతాయా అని అడగబోయి ఊరుకున్నాను. ఆయనకు చెబుతాయేమో.

బండిని మళ్లీ బండిగా చేయడం కష్టమే గాని తెలిసిన పని. పిస్టన్ సిలిండరులో తుప్పుతో బిగుసుకుపోయింది. కిరసనాయిలు, ఆముదం కలిపి పోసి నానబెట్టి, కొయ్యముక్క ఆనించి మెల్లగా తట్టి కదిలించాను. మాగ్నెటోను, అంటే ఇంజనుకు నిప్పురవ్వనిచ్చే యంత్రాన్ని, విప్పి ఆరబెట్టి కొత్త తీగ చుట్టించాను. పెట్రోలు ట్యాంకు చిల్లులకు మాట్లు వేశాను. మా ఆవిడ వచ్చి చూసి, వంటింట్లో గిన్నెల కంటే నీ వసారాలో ఇనుమే ఎక్కువైందని, ఇక అన్నం కూడా అందులోనే వండుకోమని అనిపోయింది.

అసలు చిక్కు బండిది కాదు, కాలిది. ఆ ఇంగ్లండు బండ్లకు గేరు పెడలు, కిక్కు రెండూ కుడివైపే. వంగని కాలును పెట్టుకోవడానికి ముందువైపు ఒక ఇనుప పట్టీ బిగించాను. అక్కడి నుంచి గేరు పెడలు అందదు. కిక్కు కొట్టడం సంగతి సరేసరి. దాన్ని చేత్తో తిప్పే పిడి ఒకటి చేద్దామని నాపరాయి మీద సుద్దముక్కతో లెక్కలు వేస్తూ కూర్చున్నాను.

మల్లేశ్ కాసేపు చూసి లేచాడు. బండిని స్టాండు మీద ఎత్తించి దాని కుడిపక్కకు వచ్చి నిలబడ్డాడు. బిగుసుకుపోయిన కాలును నేలలో పాతినట్టు ఆనించి, బరువంతా దాని మీద వేసి, ఎడమ కాలితో కిక్కు కొట్టాడు. మూడో దెబ్బకు ఇంజను పలికింది.

"గొర్లకాడ పొద్దుందాంక కట్టె మీద ఒరిగి ఒంటికాలు మీద నిలవడ్డోన్ని. గిప్పుడు గీ కాలే నాకు కట్టె," అన్నాడు, మోకాలి మీద తట్టుకుంటూ.

నేను సుద్ద లెక్క చెరిపేశాను. కాని ఆయన చేసింది సరిగ్గా చూసి ఉంటే మిగతా పని కూడా అప్పుడే తేలిపోయేది.

గేరు కోసం పొడవాటి ఇనుప కడ్డీని పెడలు ఇరుసుకు బిగించి ట్యాంకు పక్కనుంచి పైకి తెచ్చాను. ఎడమ చెయ్యి క్లచ్ పట్టుకుంటుంది, కుడి చెయ్యి యాక్సిలరేటరు వదిలి కడ్డీని కదుపుతుంది. స్టేషన్ రోడ్డు మీద చక్కగా నడిచింది. ఆయన తిరగాల్సిన ఊళ్లలో సగం తాండూరు, బషీరాబాద్ వైపు ఉన్నాయి. అటునుంచి తిరిగి రావాలంటే అనంతగిరి ఘాట్ ఎక్కాలి. అక్కడ పరీక్షించకుండా బండి అప్పగించనన్నాను.

ఒక పొద్దున ఘాట్ చివరి మలుపు దగ్గర నేను నిలబడ్డాను. మల్లేశ్ కింది నుంచి వచ్చాడు. మలుపు మొదట్లో గేరు తగ్గించడానికి కుడి చెయ్యి వదిలాడు. చెయ్యి కడ్డీకి పోయి మళ్లీ యాక్సిలరేటరుకు వచ్చేలోపు బండి వేగమంతా ఎత్తు మింగేసింది. ఇంజను ఆగింది. బండి వెనక్కి జారి కుడివైపుకు ఒరిగింది. ఎవరైనా ఆ క్షణాన కాలు దింపి ఆపుకుంటారు. ఆయన కాలు ముందుకు చాచి ఉంది, పక్కకు దిగదు. నేను పరుగెత్తేలోపు బండితో సహా పడ్డాడు.

మోచెయ్యి గీరుకుపోయింది, లైటు సొట్టపడింది, అంతే. కాని తిరిగి వచ్చాక ఆయన మా ఇంటి దగ్గర దిగి, "గోదాముల నీడైతె ఉంటది," అన్నాడు. ఆయన కిందపడడం కంటే ఆ మాటే నాకు ఎక్కువ తగిలింది.

కడ్డీని పొట్టి చేయాలి, యాక్సిలరేటరు పిడికి దగ్గరగా తేవాలి, చెయ్యి పోయివచ్చే దూరం పద్నాలుగు అంగుళాల నుంచి ఆరుకు తగ్గించాలి. వసారా నేలంతా సుద్ద గీతలతో నిండిపోయింది. వాన మొగులు అప్పుడప్పుడు కమ్ముతోంది. ఒక సాయంత్రం మల్లేశ్ వచ్చి ఆ గీతల పక్కన గొంగడి పరుచుకుని కూర్చున్నాడు.

"మేస్త్రీ, ఒక్కటి అడుగుత. గుట్ట మీద గేరు ఎందుకు మార్వాలె?"

ఎత్తు పెరిగే కొద్దీ బలం కావాలి, బలం కావాలంటే గేరు తగ్గించాలి అని చెప్పాను.

"గొర్లు గుట్టెక్కంగ చూసినవా? ఉరికిన గొర్రె నడుమల్నే ఆగుతది. కింద పట్టిన నడక మీదిదాంక ఇడువనిదే ఎక్కుతది. నాకేం ఉరికే పనిలేదు."

"రెండో గేరుల ఆఖరి మలుపు గుంజది మల్లేశన్నా. మొదటి గేరుల గుంజుతది గని, కింది నుంచి మీదిదాంక గదే గేరంటె ఇంజను కాగిపోతది."

"గా రెండింటి నడుమ ఒకటి లేదా?"

లేదు అని నోటిదాకా వచ్చింది. గేరు పెట్టెలో లేదు నిజమే. కాని గేరు పెట్టె తరువాత చైను ఉంది, చైను చివర వెనక చక్రానికి స్ప్రాకెట్, అంటే పళ్లచక్రం, ఉంది. దానికి నలభై పళ్లు. అది పెద్దదైతే అన్ని గేర్లూ ఒకేసారి బలమవుతాయి, ఒకేసారి నిదానమవుతాయి. రెండో గేరు ఎంత బలమైతే ఆఖరి మలుపు ఎక్కుతుందో లెక్క వేశాను. ఒకటికి ఒకటింబావు. నలభై సవాలు యాభై. గని వదిలాక మొదటిసారి ఆ ఎక్కం పైకే చెప్పాను. చదును రోడ్డు మీద నలభై మైళ్ల వేగంతో పోయేచోట ముప్పై రెండుతో పోతుంది. ఆ మాట చెబితే మల్లేశ్, ఎద్దులు తనను చూసి పారిపోకుండా ఉంటాయన్నాడు.

యాభై పళ్ల చక్రం ఎక్కడా దొరకదు. తాండూరులో నూనె మిల్లుల యంత్రాలు బాగుచేసే యూసుఫ్ భాయి దగ్గరికి రైల్లో పోయాను. ఆయన నాకు గని రోజుల నుంచి స్నేహితుడు.

"యాభై పండ్లా? నా నోట్ల గూడ గన్ని లెవ్వు భాయ్," అన్నాడు, ఉన్నవాటితో నవ్వుతూ.

వృత్తాన్ని యాభై సమభాగాలు చేసే సాధనం మా ఇద్దరి దగ్గరా లేదు. పాత చైను నుంచి యాభై లింకులు విడదీసి, రెండు కొసలూ కలిపి, ఉక్కు రేకు మీద గుండ్రంగా పరిచాం. యాభై లింకులు ఎంత గుండ్రంగా ఒదుగుతాయో చక్రం అంతే. ప్రతి లింకు దగ్గరా గుర్తు పెట్టి, రంధ్రాలు వేసి, ఆకురాయితో పళ్లు తీర్చాం. పెద్ద చక్రానికి చైను కూడా పొడుగవ్వాలి. లెక్కకు ఐదు లింకులు చాలు. కాని చైనుకు లింకులు జతలుగానే కలుస్తాయి. అందుకని ఆరు వేసి, వెనక చక్రాన్ని అంగుళంలో పావు కంటే కొంచెం ఎక్కువగా వెనక్కి జరిపాను.

ఈసారి పరీక్షకు వెనక సీటు మీద నేనూ వస్తానన్నాను. మల్లేశ్ ఒప్పుకోలేదు. "మందుల పెట్టె బరువు లెక్కవెట్టినవు. నీ బరువు లెక్కవెట్టినవా?" అన్నాడు. పెట్టలేదు. బషీరాబాద్ వైపు ఊళ్లలో సూదులు వేసి మధ్యాహ్నానికి తిరిగి వస్తాను, కావాలంటే ఘాట్ మీద ఉండమన్నాడు.

బస్సులో పోయి అదే మలుపు దగ్గర రాతిగోడ మీద కూర్చున్నాను. ఆకాశం నల్లబడి ఉంది. చాలాసేపటికి కింద చెట్లలోంచి ఇంజను చప్పుడు వినిపించింది. నా చెవి గేరు మారే చోటు కోసం వెతికింది. ఒక మలుపు, ఇంకో మలుపు. చప్పుడు పెరగలేదు, తగ్గలేదు. మిల్లులో ఇంజను ఆడినట్టు ఒకే తీరుగా పైకి వస్తోంది. ఇదివరకు ఆయన పడిన చోట కూడా అదే చప్పుడుతో కనిపించాడు. మెడకు గొంగడి, వెనక మందుల పెట్టె, కుడికాలు ముందుకు చాచి.

ఆగుతాడనుకుని గోడ దిగాను. ఆయన ఆగలేదు. ఎడమ చెయ్యి ఎత్తి, "పూడూరుల ఎద్దు లేవకుండ పండుకుందట, పోతున్న," అని అరిచి నన్ను దాటిపోయాడు. వాన మొదలైంది. బస్సు వచ్చేదాకా తడుస్తూ నిలబడ్డాను. ఆ వాన నాకు ఎంత బాగుందో చెప్పలేను.

మల్లేశ్‌ను గోదాముకు మార్చలేదు. అప్పటి నుంచి ఏటా మొగులు కాకముందే ఆయన బండి మా వసారాకు వస్తుంది. పళ్లచక్రాలు ఇప్పటికి రెండు అరిగిపోయి మూడోది నడుస్తోంది. మొదటిది గోడకు తగిలించుకున్నాను.

ఆ బండి నాకు నేర్పిందేమంటే, లెక్క తప్పకపోయినా ప్రశ్న తప్పు కావచ్చు. గేరును ఎట్లా మార్చాలన్న ప్రశ్నకు నేను సరైన జవాబులే కట్టుకుంటూ పోయాను. మార్చడం ఎందుకని అడగడానికి గొర్ల వెంట గుట్టలెక్కిన మనిషి కావలసి వచ్చాడు. అందుకే ఇప్పుడు బండి తెచ్చినవారిని ఏం పాడైందని ముందుగా అడగను. ఏ తొవ్వల పోతవని, అంటే ఏ దారిన తిరుగుతావని, అడుగుతాను.

మొన్న ఒక కంట్రాక్టరు కొత్త బండి తెచ్చి వేగం పెంచమన్నాడు. ఏ తొవ్వల పోతవన్నాను.

"తొవ్వతోని నీకేం పని మేస్త్రీ?" అన్నాడు.

గోడకున్న ఆ అరిగిన చక్రం కింద ఆయనకు స్టూలు వేసి, చెప్త కూసోమని, లోపలికి రెండు చాయలు చెప్పాను.